తెలుగు పుట చెదిరినప్పుడు: సాయం అడగడమూ ఒక విద్యే

అడగనిదే అమ్మయినా పెట్టదని మన పెద్దలు చెప్పిన మాట. అయితే ఏమి కావాలో చెప్పకుండా ఏడ్చే బిడ్డకు అమ్మ కూడా పాలు పట్టాలో, జోల పాడాలో తేల్చుకోలేదు. కంప్యూటరు విద్యలోనూ ఇదే పరిస్థితి. సాయం చేయగలవారు ప్రపంచమంతటా ఉన్నారు. అడిగే తీరు తెలిసినవారికి ఆ సాయం త్వరగా అందుతుంది.

ఒక ఇంటిని ఊహించుకుందాం. కర్ణాటక సరిహద్దులోని ఒక పల్లె. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం, కళాశాలలో పాఠం ఇంగ్లీషు. బి.సి.ఏ. చదువుతున్న అమ్మాయి తమ ఊరి జాతర కోసం ఒక వెబ్ పుటను తెలుగులో తయారు చేసింది. కార్యక్రమాల వివరాలు, చందాలిచ్చినవారి పేర్లు, బయటి ఊళ్ళలో స్థిరపడిన బంధువులు తమ రాకను తెలిపేందుకు ఒక చిన్న దరఖాస్తు అందులో ఉన్నాయి. ఆమె కంప్యూటరులో పుట ముచ్చటగా ఉంది. బెంగుళూరులోని మేనమామ ఫోనులో తెరిస్తే మాత్రం శీర్షికలోని వత్తులు సగానికి తెగిపోయాయి, పేర్ల పట్టిక తెర దాటి పక్కకు పోయింది, దరఖాస్తులో ఆయన పేరు పూర్తిగా పట్టలేదు. అప్పుడు ఇంటిల్లిపాదీ ఇచ్చే సలహా ఒక్కటే: “తెలుగు తీసేసి ఇంగ్లీషులో పెట్టమ్మా, గొడవ వదిలిపోతుంది.”

సరిహద్దు కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. బడిలోనూ కార్యాలయంలోనూ వెనుకబడిన భాష, ఊరి జాతర పుటలో కూడా చోటు కోల్పోతే ఇక మిగిలేది వంటిల్లే. నిజానికి పై మూడు లోపాలలో ఏ ఒక్కటీ తెలుగు వల్ల వచ్చింది కాదు. ప్రతిదానికీ తెలిసిన కారణం ఉంది, తెలిసిన మందూ ఉంది. కావలసినదల్లా జబ్బును సరిగా వర్ణించి అడగడం.

పుటలో మూడు భాగాలు

అడిగే ముందు జబ్బు ఎక్కడుందో కొంతైనా తెలుసుకోవాలి. వెబ్ పుట మూడు పొరలుగా ఉంటుంది. మొదటిది హెచ్.టి.ఎమ్.ఎల్. ఇది ఇంటికి గోడలూ దూలాల వంటిది. ఏది శీర్షిక, ఏది పేరా, ఏది పట్టిక అనేది ఇదే చెబుతుంది. ఐరోపాలోని సెర్న్ పరిశోధనా కేంద్రంలో పనిచేసిన టిమ్ బెర్నర్స్-లీ 1989లో వెబ్ ఆలోచనను ప్రతిపాదించి, తరువాత రూపొందించినది ఇది. రెండవది సి.ఎస్.ఎస్. ఇది సున్నమూ రంగుల వంటిది. అక్షరాల పరిమాణం, వరుసల మధ్య ఎడం, ఏది ఎక్కడ అమరాలి అనేవి దీని పని. దీని మొదటి ప్రమాణం 1996లో వెలువడింది. మూడవది 1995లో బ్రెండన్ ఐక్ రూపొందించిన జావాస్క్రిప్టు. ఇది ఇంట్లో దీపం మీట వంటిది. నొక్కితే ఏమి జరగాలో చెప్పే ప్రోగ్రాము ఇదే.

పాఠం కనిపించకపోయినా, తారుమారుగా కనిపించినా మొదటి పొరలోనో, ఫైలును భద్రపరచిన తీరులోనో వెతకాలి. పాఠం బాగుండి అమరిక చెడితే రెండవ పొర. నొక్కినా పని జరగకపోతే, లెక్క తప్పితే మూడవ పొర. ఇంత తేల్చుకుంటే చాలు, అడగవలసిన ప్రశ్న మూడింట ఒక వంతుకు తగ్గుతుంది.

తెలుగు పుటలకు తరచుగా వచ్చే జబ్బులు

మొదటిది అక్షరాలు కనబడకపోవడం. ఇది మూడు రూపాలలో వస్తుంది. మూడింటికీ కారణాలు వేరు. అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనిపిస్తే, చూసేవారి యంత్రంలో తెలుగు ఖతి లేదని అర్థం. పాఠం క్షేమంగానే ఉంది. పుటతో పాటు ఖతిని కూడా పంపితే సరిపోతుంది. మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి వంటి తెలుగు ఖతులు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. డబ్బాలకు బదులు వింత గుర్తులూ, నెత్తిన చుక్కలున్న ఐరోపా అక్షరాలూ వరుసగా కనిపిస్తే, పుట ఏ సంకేత పద్ధతిలో ఉందో బ్రౌజరు పొరబడిందని అర్థం. పుట తలభాగంలో యూటీఎఫ్-8 అని ప్రకటిస్తే సాధారణంగా కుదుటపడుతుంది. అన్నిచోట్లా ప్రశ్నార్థకాలే కనిపిస్తే మాత్రం, భద్రపరచేటప్పుడే అక్షరాలు పోయి ఉండే అవకాశం ఎక్కువ. అలా పోయినవి తిరిగి రావు. అసలు ప్రతిని తెచ్చి యూటీఎఫ్-8లో మళ్ళీ భద్రపరచవలసిందే. విండోస్‌లోని నోట్‌పాడ్ 2019 దాకా కొత్త ఫైళ్ళను మామూలుగా పాత పద్ధతిలోనే భద్రపరచేది. పాత కంప్యూటర్లున్న ఇళ్ళలో ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇదే కోవలో మరొక చిక్కుంది. డీటీపీ కేంద్రంలో పాత ఖతులతో కూర్చిన ఆహ్వానపత్రికను యథాతథంగా పుటలో అతికిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. ఆ ఖతులలో తెలుగు అక్షరం కేవలం వేషమే. లోపల ఉన్నది వేరే అక్షరం. ఖతి తొలగిందంటే వేషం జారిపోతుంది. అటువంటి పాఠాన్ని యూనికోడులోకి మార్చే పరికరం ద్వారా ముందుగా మార్చుకోవాలి.

యూనికోడు అంటే ప్రపంచ లిపులన్నింటికీ ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క సంఖ్య ఇచ్చే పద్ధతి. 1991లో వెలువడిన తొలి కూర్పులోనే తెలుగు ఉంది. అందులో 3072 నుండి 3199 వరకు గల 128 స్థానాలు తెలుగువి. దానికి ముందు 128 స్థానాలు తమిళానివి, తరువాతి 128 కన్నడానివి, తమిళానికి ముందున్నవి ఒడియావి. తెలుగు ‘అ’ సంఖ్య 3077. దానికి సరిగ్గా 128 కలిపితే కన్నడ ‘అ’ వస్తుంది. నేలమీద ఇరుగుపొరుగైన భాషలు యంత్రంలోనూ ఇరుగుపొరుగే. అందుచేత కన్నడ పుటకో, ఒడియా పుటకో ఒకరు కనుగొన్న మందు చాలాసార్లు తెలుగు పుటకూ పనికివస్తుంది. రెండు భాషలెరిగిన సరిహద్దు పిల్లలకు ఇదొక అదనపు బలం. వారు రెండు భాషలవారినీ అడగగలరు.

రెండవ జబ్బు వత్తులు తెగడం. ఇంగ్లీషు అక్షరం ఒకే గీత మీద కూర్చుంటుంది. తెలుగు అక్షరానికి పైన గుడులూ కొమ్ములూ, కింద వత్తులూ ఉంటాయి. ఇంగ్లీషు కోసం తయారైన నమూనాలో వరుసల ఎత్తు అక్షర పరిమాణానికి 1.2 రెట్లుంటే, పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకుతాయి. దానిని 1.6 నుండి 1.8 రెట్ల వరకు పెంచితే తెలుగు హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది. శీర్షిక పెట్టెకు ఖచ్చితమైన ఎత్తు నిర్ణయించి, దాటినదాన్ని దాచమని చెప్పి ఉంటే వత్తులు తెగక తప్పదు. ఎత్తును పాఠానికే వదిలేయాలి. జాతర పుట శీర్షికకు పట్టిన జబ్బు ఇదే.

మూడవది ఫోనులో పుట పట్టకపోవడం. చిన్న తెర వెడల్పునే ఆధారం చేసుకొమ్మని పుట తలభాగంలో వ్యూపోర్టు అనే వాక్యం లేకపోతే, ఫోను బ్రౌజర్లు పుటను పెద్ద తెరకు చేసినదిగా భావించి సుమారు 980 పిక్సెళ్ళ వెడల్పున అమర్చి కుదిస్తాయి. అక్షరాలు చీమల బారులా కనిపిస్తాయి. ఆ వాక్యం ఉండి కూడా పట్టికకు 800 పిక్సెళ్ళని స్థిరమైన వెడల్పు ఇస్తే అది తెర దాటుతుంది. 1990 దశకంలో పుట అమరికంతటికీ పట్టికలనే వాడేవారు. ఇప్పుడు ఫ్లెక్స్‌బాక్స్, 2017లో ప్రధాన బ్రౌజర్లలో చేరిన గ్రిడ్ అనే పద్ధతులు తెరను బట్టి అమరికను మార్చుకోగలవు. సమాసాలతో పొడవైన తెలుగు పదాలు ఇరుకు గడిలో పట్టనప్పుడు పదాన్ని విరవడానికి అనుమతించే సి.ఎస్.ఎస్. ఆదేశమూ ఉంది.

నాలుగవది లెక్క తప్పడం. ‘లక్ష్మీనారాయణ’ అనే పేరును చదివేవారు ల, క్ష్మీ, నా, రా, య, ణ అని ఆరు అక్షరాలుగా లెక్కిస్తారు. జావాస్క్రిప్టు మాత్రం హల్లును, పొల్లును, గుణింతపు గుర్తును వేర్వేరుగా లెక్కించి పదమూడు అంటుంది. దరఖాస్తులో పేరుకు పది అక్షరాల హద్దు పెడితే ఆయన ‘లక్ష్మీనార’ దగ్గర ఆగిపోతాడు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికి యంత్రం లెక్క ఆరు. ఇది జాతర పుటలో నవ్వుకొని వదిలేసే విషయం కావచ్చు. విద్యార్థి వేతనపు దరఖాస్తులోనో, బ్యాంకు పత్రంలోనో పేరు సగానికి తెగితే నవ్వులాట కాదు. హద్దును పెంచడం ఒక మార్గం. చదివేవారి లెక్కకు దగ్గరగా అక్షరాలను విడదీసే సెగ్మెంటర్ అనే సాధనం 2024 నాటికి ప్రధాన బ్రౌజర్లన్నింటిలో చేరింది. అయితే సంయుక్తాక్షరాలను బ్రౌజరు కూర్పును బట్టి భిన్నంగా విడదీసే వీలుంది గనుక తెలుగు పేర్లతో పరీక్షించాకే నమ్మాలి.

ప్రశ్నను చిన్నది చేయడం

ఇవేవీ తెలియకపోయినా సాయం పొందవచ్చు. అంతర్జాలంలో ఒకరి ప్రోగ్రాములను ఒకరు సరిచేసుకునే సంప్రదాయం వెబ్ పుట్టినప్పటి నుండీ ఉంది. సమాధానమిచ్చేవారు చాలావరకు జీతం తీసుకొని కాదు, తీరిక వేళలో ఇష్టంగా చెప్పేవారు. వారి సమయం విలువైనదని గుర్తించడమే అడిగే విద్యలో మొదటి పాఠం.

“నా తెలుగు పుట సరిగా రావడం లేదు, అర్జంటుగా సాయం చేయండి” అనే ప్రశ్నకు సమాధానం రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. అది వైద్యుని ముందు కూర్చొని “ఒంట్లో బాగాలేదు” అని మాత్రమే చెప్పి ఊరుకోవడం వంటిది. ఎక్కడ నొప్పి, ఎప్పటి నుండి, ఏమి తిన్నారు, ఏ మందు వేసుకున్నారు అని వైద్యుడు అడిగే నాలుగు మాటలనూ ముందే చెప్పాలి.

అందుకు ఒక క్రమం ఉంది. మొదట అదే పుటను మరొక బ్రౌజరులో, మరొక ఫోనులో తెరిచి చూడాలి. అంతటా చెడితే పుటలో లోపం. ఒక్కచోటే చెడితే ఆ బ్రౌజరుకు సంబంధించిన లోపం కావచ్చు. తరువాత కంప్యూటరు బ్రౌజరులో ఎఫ్-12 మీట నొక్కితే పుట అంతర్భాగం కనిపిస్తుంది. అందులో కన్సోలు అనే చోట ఎర్రగా కనిపించే వాక్యం ప్రోగ్రాము ఏ వరుసలో ఆగిందో చెబుతుంది. ఆ వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా నకలు తీసుకోవాలి.

ఇక ముఖ్యమైన మెట్టు: పుటకు ఒక నకలు చేసి, అందులో లోపానికి సంబంధం లేని భాగాలను ఒక్కొక్కటిగా తీసివేయడం. బొమ్మలు తీసివేసినా వత్తులు తెగుతున్నాయా? తెగుతున్నాయి. పట్టిక తీసివేసినా? తెగుతున్నాయి. రంగులు తీసివేసినా? అయినా తెగుతున్నాయి. ఎత్తును నిర్ణయించిన ఒక్క వరుస తీసివేస్తే? తెగడం లేదు! ఇలా బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరుకుంటూ పోతే, మూడు వందల వరుసల పుట పది వరుసలకు తగ్గుతుంది. చాలాసార్లు ఆ పది వరుసలకు చేరేలోగానే లోపం దొరికిపోతుంది. ఎవరినీ అడగవలసిన పని ఉండదు. దొరకకపోయినా నష్టం లేదు. మూడు వందల వరుసలు చదవని నిపుణుడు పది వరుసలు సంతోషంగా చదువుతాడు.

అప్పుడు ప్రశ్నను నాలుగు వాక్యాలలో వ్రాయవచ్చు. “తెలుగు శీర్షికను నలభై పిక్సెళ్ళ ఎత్తున్న పెట్టెలో ఉంచాను. వత్తులతో సహా పూర్తిగా కనిపించాలని నా ఉద్దేశం. ఆండ్రాయిడ్ ఫోనులోని క్రోమ్ బ్రౌజరులో వత్తుల కింది సగం కనిపించడం లేదు. ఖతి మార్చి చూశాను, ఫలితం లేదు. పది వరుసల నమూనా ఇదిగో.” ఏమి చేశారు, ఏమి ఆశించారు, ఏమి జరిగింది, ఏమి ప్రయత్నించారు అనే నాలుగూ ఇందులో ఉన్నాయి. ఇంగ్లీషులో అడగవలసి వస్తే పండిత భాష అవసరం లేదు. ఈ నాలుగు వాక్యాలను ముందుగా తెలుగులో వ్రాసుకొని, చిన్న చిన్న మాటలలో ఇంగ్లీషు చేసుకుంటే చాలు. తెలుగు తెలియనివారికి చెడిన రూపమూ, ఉండవలసిన రూపమూ పక్కపక్కన బొమ్మలుగా చూపాలి. లేకుంటే వత్తు తెగిందో లేదో వారికి ఎలా తెలుస్తుంది? ప్రోగ్రామును మాత్రం బొమ్మగా కాక పాఠంగానే ఇవ్వాలి. బొమ్మలోని ప్రోగ్రామును ఎవరూ నడిపి చూడలేరు.

ఇవ్వకూడనివి కొన్ని ఉన్నాయి. పాస్‌వర్డు, ఫోనుకు వచ్చే ఓటీపీ, చందాదారుల ఫోను నంబర్లు ఎవరికీ పంపరాదు. నమూనాలో అసలు పేర్లకు బదులు ఊహించిన పేర్లు పెట్టాలి. పాస్‌వర్డు ఇస్తే తానే సరిచేస్తానని ఎవరైనా ముందుకు వస్తే, ఎంత మర్యాదగా మాట్లాడినా ఆ సాయాన్ని వద్దనుకోవడమే మేలు.

సమాధానం వచ్చిన తరువాత

వచ్చిన సమాధానాన్ని నేరుగా పుటలో అతికించకుండా ముందుగా నకలులో పరీక్షించాలి. ఎందుకు పనిచేసిందో అర్థం కాకపోతే మర్యాదగా మళ్ళీ అడగవచ్చు. అర్థం చేసుకోని మందు తరువాతి జాతరకు మళ్ళీ అదే జబ్బును తెస్తుంది. కృత్రిమ మేధ పరికరాలను అడిగేవారికీ ఈ నియమం వర్తిస్తుంది. అవి తొణకకుండా తప్పు చెప్పడం కూడా కద్దు. తెలుగు అక్షరాల లెక్క వంటి విషయాలలో పరీక్షించనిదే నమ్మరాదు. పని జరిగాక ఏది పనిచేసిందో ఒక్క వాక్యంలో తెలిపి ధన్యవాదాలు చెప్పడం మరువరాదు. అదే చిక్కుతో రేపు వచ్చే మరొకరికి ఆ వాక్యమే దారి చూపుతుంది.

తప్పు జరిగిందని సిగ్గుపడవలసిన పని అసలే లేదు. 2018 ఫిబ్రవరిలో తెలుగులోని ‘జ్ఞా’కు సంబంధించిన ఒక అక్షరక్రమం సందేశంగా వస్తే ఐఫోనులోని కొన్ని అనువర్తనాలు కుప్పకూలిన సంగతి ప్రపంచమంతా వార్త అయింది. లోపం అక్షరంలో లేదు, దాన్ని తెరపై గీసే ప్రోగ్రాములో ఉంది. ఏ అక్షరాలు ఏ వరుసలో వస్తే ఫోను చెడుతున్నదో విడదీసి చూపినవారి పరిశీలన ఎందరికో ఆ లోపాన్ని బోధపరచింది. ఆపిల్ సంస్థ అదే నెలలో దాన్ని సరిచేసింది. అప్పుడు ఎవరూ తెలుగు నుండి ఆ అక్షరాన్ని తీసివేయమనలేదు.

జాతర పుట విషయంలోనూ జరగవలసింది అదే. ఎత్తును నిర్ణయించిన ఒక వరుస తీసివేసి, వరుసల ఎడాన్ని పెంచి, పట్టిక వెడల్పును తెరకు తగ్గట్టు మార్చి, పేరుకు పెట్టిన హద్దును సడలిస్తే పని పూర్తి. అంతా కలిపి ఐదారు వరుసల మార్పు. దీనికోసం భాషను మార్చుకోవలసిన అవసరం ఏముంది?

పెద్దలు చేయగలిగింది కూడా ఉంది. ప్రోగ్రాము తెలియకపోయినా పుటను తమ ఫోనులో తెరిచి, ఏ అక్షరం ఎక్కడ తెగిందో, ఏ పేరు పూర్తిగా పట్టలేదో పిల్లలకు చెప్పవచ్చు. తెలుగు చదవగలిగిన తాత కన్ను పట్టుకున్న తప్పును తెలుగు రాని నిపుణుడు పట్టుకోలేడు. పిల్లలు కూడా తమకు దొరికిన మందును నాలుగు వాక్యాల తెలుగులో వ్రాసి ఉంచితే పక్క ఊరి పిల్లలకు వెతుకులాట తప్పుతుంది. మేనమామ ఫోనులో ‘లక్ష్మీనారాయణ’ అనే పేరు చివరి ‘ణ’ దాకా కనిపించిన నాడు, తెలుగు తీసేయమన్నవారే ముందుగా ఆ పుటను పదిమందికి పంపుతారు.